రాతిచేప

రాతిచేప ఉష్ణమండల సముద్రాలలో తీరానికి దగ్గరగా, లోతు తక్కువగా ఉండే నీటి అడుగున నివసించే విషపూరితమైన అస్థి చేప. దీని శాస్త్రీయ నామం సినాన్సియా వెర్రుకోసా. నాచు పట్టిన రాయిని పోలి ఉండడం వలన దీనికి ఈ పేరు వచ్చినది. సినాన్సియా ప్రజాతికి చెందిన జాతులన్నింటినీ కలిపి కూడా రాతిచేపలు అనే పిలుస్తారు. ముల్లు ద్వారా విషాన్ని ఎక్కించే చేపలలో ఈ ప్రజాతి మిక్కిలి ప్రమాదకరమైనదిగా శాస్త్రజ్ఞులు పరిగణిస్తారు.

అయితే రాతిచేప మనిషిని వెంబడించి కుట్టే జీవి కాదు. అది తన చోటు వదలకుండా, కదలకుండా పడి ఉంటుంది. తెలియక దానిపై కాలు మోపినవారికి, రాయి అనుకొని చేత్తో ఎత్తినవారికి, వలలో పడిన చేపను విడదీసే మత్స్యకారులకు మాత్రమే దాని ముళ్ళు గుచ్చుకుంటాయి. అందువలన ఈ చేపను గుర్తించడం వర్గీకరణ శాస్త్రానికి మాత్రమే పరిమితమైన అంశం కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది కూడా. దాని శరీర నిర్మాణం, వేటాడే పద్ధతి, విషపు ముళ్ళు పనిచేసే తీరు తెలిస్తే దానిని ఎలా గుర్తించాలో, ప్రమాదం జరిగినపుడు ఏమి చేయాలో సులభంగా అర్థమవుతుంది.

పేరు, వర్గీకరణ

సినాన్సియా ప్రజాతిని, వెర్రుకోసా జాతిని బ్లాక్, ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1801లో వర్ణించారు. లాటిన్ భాషలో వెర్రుకా అంటే పులిపిరి. చేప ఒంటి నిండా పులిపిరుల వంటి బొడిపెలు ఉండడం వలన ఈ పేరు పెట్టారు. ఇదే ప్రజాతికి చెందిన మరొక ముఖ్యమైన జాతి సినాన్సియా హారిడా. దీనిని లిన్నేయస్ 1766లోనే వర్ణించాడు. ఆస్ట్రేలియాలో పూర్వం సినాన్సియా ట్రాకినిస్ అని వ్యవహరించిన చేప కూడా ఇదేనని తరువాత తేలినది. కనుక పాత వైద్య గ్రంథాలలో ట్రాకినిస్ అన్న పేరు కనిపిస్తే దానిని హారిడాగా గ్రహించాలి.

ఈ ప్రజాతిలో చాలాకాలంగా గుర్తింపు పొందిన జాతులు ఐదు. అవి వెర్రుకోసా, హారిడా, ప్లాటిరింకా, అలులా, నానా. వీటిలో చివరి రెండింటిని 1973లో విలియం ఎష్మేయర్, భారతీయ మత్స్యశాస్త్రజ్ఞుడు కె.వి.రామారావు కలిసి వర్ణించారు. అలులా అంటే లాటిన్‌లో చిన్న రెక్క, నానా అంటే మరుగుజ్జు. నానా జాతి ఎర్ర సముద్రం, పర్షియన్ సింధుశాఖ ప్రాంతాలలో లభిస్తుంది.

రాతిచేపలు, తేలుచేపలు, సింహచేపలు పరస్పరం బంధుత్వం గలవి. ఈ సమూహపు వర్గీకరణ పలుమార్లు మారినది. కొందరు రాతిచేపలను తేలుచేపల కుటుంబంలో ఒక ఉపకుటుంబంగా, మరికొందరు సినాన్సియిడే అనే ప్రత్యేక కుటుంబంగా పరిగణించారు. 2018లో అమెరికా శాస్త్రజ్ఞుడు లియో స్మిత్, అతని సహచరులు రాతిచేపలలోను, వాటి దగ్గరి బంధువులలోను కంటి కింద ఒక విశేషమైన ఎముక ముల్లు ఉన్నదని ప్రకటించారు. మడత కత్తి వలె ఈ ముల్లు బయటికి తెరుచుకొని బిగుసుకుపోతుంది. డి.ఎన్.ఏ. ఆధారాలతో పాటు ఈ లక్షణాన్ని కూడా పరిగణనలోకి తీసుకొని వారు రాతిచేపల కుటుంబాన్ని విస్తరించారు.

విస్తరణ, ఆవాసం

వెర్రుకోసా జాతి ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని హిందూ మహాసముద్రం మీదుగా పసిఫిక్‌లోని ఫ్రెంచి పాలినీషియా వరకు వ్యాపించి ఉన్నది. ఉత్తరాన జపాన్‌కు చెందిన ర్యుక్యు దీవులు, దక్షిణాన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ దీని ఎల్లలు. సూయజ్ కాలువ గుండా ఎర్ర సముద్రం నుండి మధ్యధరా సముద్రానికి వలస వచ్చిన జీవులలో ఇది కూడా ఒకటి. 2010 తరువాత ఇజ్రాయెల్, టర్కీ తీరాలలో ఇది కనిపించినట్లు నమోదైనది.

భారతదేశంలో వెర్రుకోసా జాతి అండమాన్ నికోబార్ దీవులలోను, లక్షద్వీప్‌లోను ఉన్నది. హారిడా జాతి భారత తీరం నుండి చైనా, ఫిలిప్పీన్స్, పపువా న్యూగినీ, ఆస్ట్రేలియాల వరకు విస్తరించినది. ఆంధ్ర తీరం ఎక్కువగా ఇసుక, బురద నేలలతో కూడినది. పగడపు దిబ్బలు లేనందున అది వెర్రుకోసాకు అనువైన ఆవాసం కాదు. అయితే అండమాన్‌లో స్థిరపడి చేపల వేట సాగిస్తున్న తెలుగు మత్స్యకార కుటుంబాలకు, ఆ దీవులకు విహారయాత్రకు వెళ్ళేవారికి ఈ చేప గురించి తెలిసి ఉండడం అవసరం.

వెర్రుకోసా పగడపు దిబ్బల చుట్టూ, రాళ్ళ సందులలో, దిబ్బల మీద పోటు తగ్గినపుడు ఏర్పడే నీటి గుంటలలో, రాళ్ళ పక్కనున్న ఇసుకలో ఉంటుంది. మోకాలి లోతు నీటి నుండి సుమారు 30 మీటర్ల లోతు వరకు ఇది నివసిస్తుంది. హారిడా జాతి పగడపు దిబ్బలతో పాటు నదీముఖాలలోని మడ్డినీటిలోను, బురద నేలల్లోను కూడా ఉంటుంది. రెండు జాతులూ మనుషులు నడిచే లోతులలో ఉండడమే ప్రమాదానికి మొదటి కారణం.

శరీర నిర్మాణం

వెర్రుకోసా జాతి చేప గరిష్ఠంగా 40 సెం.మీ. పొడవు పెరుగుతుంది. సాధారణంగా కనిపించేవి 25 నుండి 30 సెం.మీ. పొడవు ఉంటాయి. శరీరం పొట్టిగా, లావుగా ఉంటుంది. తల చాలా పెద్దది, వెడల్పైనది. తోక వైపు వెళ్ళే కొద్దీ శరీరం త్వరత్వరగా సన్నబడుతుంది.

చర్మం మీద పొలుసులు ఉండవు. వాటికి బదులు మందమైన, వదులైన చర్మం, దాని నిండా బొడిపెలు ఉంటాయి. ఈ బొడిపెలలోని గ్రంథులు పాల వంటి ద్రవాన్ని స్రవిస్తాయి. ఇది ముళ్ళలోని విషం కంటె వేరైనది.

నోరు దాదాపు నిట్టనిలువుగా, పైకి తెరుచుకొనే విధంగా ఉంటుంది. పెదవుల అంచున చర్మపు కుచ్చులు ఉంటాయి. కళ్ళు చిన్నవి. అవి తలకు ఇరుపక్కల కాక పైభాగాన ఉండి పైకి చూస్తుంటాయి. అడుగున పడి ఉండి, తన పైనుంచి వెళ్ళే ఎరను పట్టుకొనే జీవికి తగిన అమరిక ఇది.

చేపల రెక్కలను జీవశాస్త్రంలో వాజాలు అంటారు. రాతిచేప ఉరోవాజాలు, అనగా మొప్పల వెనుక ఇరుపక్కల ఉండే వాజాలు, చాలా పెద్దవిగా, కండపట్టి, విసనకర్ర ఆకారంలో ఉంటాయి. చేప వీటిని పారల వలె ఉపయోగించి ఇసుకను, బురదను పక్కకు తోసి సగం వరకు పూడుకొని కూర్చుంటుంది. పృష్ఠవాజంలో, అనగా వీపు మీది వాజంలో, 12 నుండి 14 వరకు గట్టి ముళ్ళు ఉంటాయి. సాధారణంగా ఈ సంఖ్య 13. పాయువాజంలో 3, శ్రోణివాజాలలో ఒక్కొక్కటి చొప్పున 2 ముళ్ళు ఉంటాయి. ఈ ముళ్ళన్నింటికీ విషగ్రంథులు ఉన్నాయి.

పరిసరాలలో కలిసిపోవడం

రాతిచేప రంగు నివసించే చోటును బట్టి మారుతుంది. గోధుమ, బూడిద రంగులు సాధారణం. వాటిపై ఎరుపు, నారింజ, పసుపు మచ్చలు కూడా ఉండవచ్చు. కదలకుండా పడి ఉండడం వలన చర్మం మీద నాచు, ఇతర సూక్ష్మజీవులు పెరుగుతాయి. దీనితో చేపకు, పక్కనున్న రాయికి తేడా తెలియదు.

ఒంటిపై పెరిగే ఈ జీవులు మితిమీరితే చేపకు హాని కలుగుతుంది. అందువలన రాతిచేప అప్పుడప్పుడు తన చర్మపు పైపొరను కుబుసం వలె విడుస్తుంది. ఈ ప్రక్రియను లెవ్ ఫిషెల్సన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు 1973లో వివరించాడు. కుబుసం విడిచిన చేప రంగు కొంతకాలం తేటగా ఉంటుంది.

చాలా చేపలు ప్రమాదం ఎదురైతే పారిపోతాయి. రాతిచేప ఆ పని చేయదు. ఉన్నచోటనే ఉండి వీపు ముళ్ళను నిక్కబొడుచుకుంటుంది. మాటువేసి వేటాడే జీవి కదిలితే దాని ఉనికి ఎరకూ తెలుస్తుంది, శత్రువుకూ తెలుస్తుంది. కనుక కదలకుండా ఉండడమే దాని జీవన విధానం. పెద్ద సొరచేపలు, టేకు చేపలు దీనికి సహజ శత్రువులు. ముళ్ళు వాటి నుండి ఆత్మరక్షణకే తప్ప ఎరను చంపడానికి కాదు.

ఆహారం, వేట

రాతిచేప మాంసాహారి. చిన్న చేపలు, రొయ్యలు, ఇతర కవచజీవులు దీని ఆహారం. ఇది ఎరను వెతుక్కుంటూ తిరగదు. గంటల తరబడి నిశ్చలంగా ఉండి, ఎర తన నోటికి అందేటంత దగ్గరకు వచ్చినపుడు నోరు ఒక్కసారిగా తెరుస్తుంది. నోటి లోపలి కుహరం హఠాత్తుగా విశాలం కావడం వలన నీరు లోపలికి దూసుకువస్తుంది. ఆ నీటితో పాటు ఎర కూడా లోపలికి పోతుంది. డేవిడ్ గ్రోబెకర్ 1983లో ప్రచురించిన పరిశోధనలో, అతివేగ చలనచిత్రాల సహాయంతో ఈ ప్రక్రియను పరిశీలించి, ఇది సుమారు 0.015 సెకనులో పూర్తి అవుతున్నదని తెలియజేశాడు. మనిషి కంటిరెప్ప వాల్చి ఎత్తడానికి పట్టే సమయం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంత వేగంగా నోరు తెరవగల చేప ఈదడంలో మాత్రం మందకొడి. దాని కండరాల శక్తి అంతా ఎరను గుటుక్కున మింగడానికే వినియోగమవుతుంది.

ప్రత్యుత్పత్తి

రాతిచేపలు ఒంటరిగా జీవిస్తాయి. సంతానోత్పత్తి కాలంలో మాత్రమే ఆడ, మగ చేపలు ఒకచోట చేరుతాయి. ఆడచేపలు మగచేపల కంటె పెద్దవి. ఫలదీకరణం శరీరం వెలుపల జరుగుతుంది. ఆడచేప విడిచిన గుడ్లపై మగచేప శుక్రకణాలను విడుస్తుంది. తల్లిదండ్రులు గుడ్లకు గాని, పిల్లలకు గాని కాపలా కాయవు. గుడ్ల నుండి వచ్చిన డింభకాలు కొంతకాలం నీటిలో తేలుతూ గడిపి, తరువాత అడుగుకు చేరి స్థిరపడతాయి. డింభక దశలో ప్రవాహాలతో కొట్టుకుపోగలగడం వలన, ఈదడంలో ఇంత మందమైన చేప కూడా రెండు మహాసముద్రాలలో వ్యాపించగలిగినది.

విషపు ముళ్ళు పనిచేసే విధానం

పాము కోరల వెనుక విషగ్రంథిని నొక్కే కండరాలు ఉంటాయి. ఎంత విషం వదలాలన్నది కొంతవరకు పాము అధీనంలో ఉంటుంది. రాతిచేప ముళ్ళకు అటువంటి కండరాలు లేవు. ప్రతి ముల్లుకు ఇరువైపులా ఒక్కొక్క గాడి, ఆ గాడిలో ఒక్కొక్క విషగ్రంథి ఉంటాయి. గ్రంథి నుండి సన్నని నాళం ముల్లు కొన వైపు వెళుతుంది. ముల్లు చుట్టూ మందమైన చర్మపు తొడుగు ఉంటుంది.

చేపపై కాలు పడినపుడు ముల్లు పాదంలోకి దిగుతుంది, చర్మపు తొడుగు కిందికి జారుతుంది. ఆ ఒత్తిడికి గ్రంథులు నలిగి విషం నాళాల గుండా గాయంలోకి చిమ్ముతుంది. కాలు ఎంత బలంగా పడితే ముల్లు అంత లోతుకు దిగుతుంది, అంత ఎక్కువ విషం ఎక్కుతుంది. అనగా విషాన్ని ఎక్కించే శక్తి చేపది కాదు, దానిని తొక్కినవారి శరీర భారానిదే. చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా ప్రమాదం ఉండడానికి కారణం ఇదే.

విషజీవుల గురించి విస్తృతంగా పరిశోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రూస్ హాల్‌స్టెడ్ ఈ సమూహపు చేపల ముళ్ళను మూడు రకాలుగా విభజించాడు. సింహచేపల ముళ్ళు పొడవుగా, సన్నగా ఉంటాయి, వాటి గ్రంథులు చిన్నవి. తేలుచేపల ముళ్ళు వాటికంటె పొట్టిగా, లావుగా ఉంటాయి, గ్రంథులు మధ్యరకం. రాతిచేపల ముళ్ళు పొట్టిగా, బలంగా ఉండి, గ్రంథులు బాగా పెద్దవిగా అభివృద్ధి చెంది ఉంటాయి. కంటికి అందంగా, భయంకరంగా కనిపించే పొడవాటి ముళ్ళ కంటె కనిపించని పొట్టి ముళ్ళే ఎక్కువ ప్రమాదకరమైనవని ఈ విభజన వలన తెలుస్తుంది.

విషం స్వభావం

రాతిచేప విషంలో ముఖ్యమైనవి ప్రోటీన్లు. హారిడా జాతి విషం నుండి ప్రాణాంతకమైన ప్రోటీన్‌ను సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1991లో వేరుచేశారు. దానికి వారు పెట్టిన పేరు స్టోనస్‌టాక్సిన్. రాతిచేప ఆంగ్ల నామాన్ని, తమ విశ్వవిద్యాలయం పేరులోని తొలి అక్షరాలను కలిపి ఈ పేరు కూర్చారు. వెర్రుకోసా జాతి విషంలో దీనిని పోలిన ప్రోటీన్‌ను వెర్రుకోటాక్సిన్ అంటారు.

స్టోనస్‌టాక్సిన్ కణాల పై పొరకు రంధ్రాలు చేస్తుంది. ఎర్ర రక్తకణాలను పగులగొడుతుంది, రక్తపోటును తగ్గిస్తుంది. 2015లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ ప్రోటీన్ నిర్మాణాన్ని వెల్లడించారు. మానవుని రోగనిరోధక వ్యవస్థలో, వైరస్ సోకిన కణాలకు రంధ్రాలు చేసి చంపే పెర్ఫొరిన్ అనే ప్రోటీన్ ఉన్నది. స్టోనస్‌టాక్సిన్ ఆ వంశానికి చెందిన ప్రాచీన శాఖ అని వారి పరిశోధనలో తేలినది.

విషపు ముళ్ళు గల చేప వేరు, తింటే విషమయ్యే చేప వేరు. పఫర్ చేప రెండవ రకానికి చెందినది. దాని విషం వండినా నశించదు. రాతిచేప మొదటి రకానికి చెందినది. దాని విషంలోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి. ముళ్ళు, చర్మం తొలగించిన రాతిచేప మాంసాన్ని జపాన్‌లోను, చైనా తీరప్రాంతాలలోను తింటారు. అయితే ముళ్ళను తొలగించే పని అనుభవం గలవారు మాత్రమే చేయదగినది.

గుర్తించడం

రాతిచేపను రంగును బట్టి గుర్తించడానికి ప్రయత్నించరాదు. రంగు చోటును బట్టి, నాచును బట్టి, కుబుసం విడిచిన కాలాన్ని బట్టి మారుతుంది. ఆకారాన్ని బట్టి, ముఖ్యంగా తల, నోరు, ఉరోవాజాలను బట్టి గుర్తించాలి. ప్రధాన లక్షణాలు ఇవి.

- శరీరంపై పొలుసులు లేకపోవడం, ఒంటి నిండా బొడిపెలు ఉండడం.
- నోరు పైకి తెరుచుకొని, మూసి ఉన్నపుడు తలకిందులైన నెలవంక వలె కనిపించడం.
- కళ్ళు చిన్నవిగా, తల పైభాగాన ఉండడం.
- ఉరోవాజాలు కండపట్టి, వెడల్పైన మొదలుతో విసనకర్ర వలె పరుచుకొని ఉండడం.
- ఉరోవాజాలలోని కిరణాలన్నీ చర్మంతో కలిసి ఉండడం, వేళ్ళ వలె విడిగా ఏవీ లేకపోవడం.
- వీపు ముళ్ళు మందమైన చర్మంలో పూడుకొని ఉండి, పైకి ముళ్ళుగా కనిపించకపోవడం.

ముఖ్యమైన రెండు జాతుల మధ్య తేడాను కళ్ళను బట్టి తెలుసుకోవచ్చును. వెర్రుకోసాలో రెండు కళ్ళ మధ్య లోతైన గుంట ఉంటుంది. హారిడాలో కళ్ళు ఉబ్బెత్తుగా పైకి లేచి ఉంటాయి, వాటి మధ్య ఎముక గట్టు ఉంటుంది. ఉరోవాజ కిరణాల సంఖ్య కూడా తోడ్పడుతుంది. వెర్రుకోసాలో ఇవి సాధారణంగా 18 లేదా 19 ఉండగా హారిడాలో 16కు అటూ ఇటూగా ఉంటాయి. కిరణాల లెక్క ప్రయోగశాలలోని నమూనాలకే గాని సముద్రంలోని చేపకు వర్తింపజేయరాదు.

పోలిక గల ఇతర చేపలు

రాతిచేప అని పొరబడడానికి అవకాశమున్న చేపలు కొన్ని ఉన్నాయి.

స్కార్పినాప్సిస్ డయాబోలస్ అనే తేలుచేపను నకిలీ రాతిచేప అని కూడా అంటారు. దీని వీపు గూనిగా ఉంటుంది. శరీరంపై పొలుసులు ఉంటాయి. నోరు రాతిచేప నోటి వలె నిట్టనిలువుగా ఉండదు. భయపడినపుడు ఉరోవాజాలను విప్పి లోపలి వైపున్న నారింజ, పసుపు, నలుపు రంగులను ప్రదర్శిస్తుంది. రాతిచేప ఇటువంటి హెచ్చరిక చేయదు. నకిలీ రాతిచేపకు కూడా విషపు ముళ్ళు ఉన్నాయి.

ఇనిమికస్ ప్రజాతి చేపలు రాతిచేపలకు దగ్గరి బంధువులు. వీటి ఉరోవాజాల కింది భాగంలో రెండు కిరణాలు విడివడి వేళ్ళ వలె ఉంటాయి. వాటితో ఇవి సముద్రపు అడుగున పాకుతూ నడుస్తాయి. కోరిడాక్టిలస్ ప్రజాతిలో ఇటువంటి కిరణాలు మూడు ఉంటాయి. ఇవి కూడా విషపూరితమైనవే.

కప్పచేపలు ఈ బంధువర్గానికి చెందినవి కావు. వీటి ఉరోవాజాలు మోచేయి గల చేతుల వలె కనిపిస్తాయి. చాలా జాతులలో మూతి పైన గాలపు కర్ర వంటి సన్నని కాడ, దాని చివర ఎర వంటి తునక ఉంటాయి. వీటికి విషపు ముళ్ళు లేవు.

ఈ తేడాలు దూరం నుండి, ముసుగు కళ్ళద్దాలతో ఈదేవారికి, ఛాయాచిత్రాలు పరిశీలించే విద్యార్థులకు ఉపయోగపడతాయి. నిర్ధారణ కోసం చేపను కదిలించడం గాని, ముట్టుకోవడం గాని చేయరాదు. పోలిన చేపలలో కూడా ఎక్కువ భాగం విషపూరితమైనవే కనుక, అనుమానం కలిగినపుడు రాతిచేపగానే భావించడం క్షేమకరం.

ముల్లు గుచ్చుకున్నపుడు కలిగే లక్షణాలు

ముల్లు గుచ్చుకున్న వెంటనే భరింపశక్యం కాని నొప్పి మొదలవుతుంది. నొప్పి గాయం నుండి కాలు లేదా చేయి పైభాగానికి పాకుతుంది. గాయం చుట్టూ వాపు వస్తుంది, చర్మం నీలి రంగుకు మారవచ్చు. తరువాత ఆ చోట కణజాలం కుళ్ళిపోవచ్చు. చెమటలు, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం, గుండె లయ తప్పడం తీవ్రమైన విషప్రభావానికి గుర్తులు. లక్షణాల తీవ్రత గుచ్చుకున్న ముళ్ళ సంఖ్యపై, అవి దిగిన లోతుపై ఆధారపడి ఉంటుంది. నీటిలో ఉన్నపుడు నొప్పికి స్పృహ తప్పితే మునిగిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

సీలకాంత్ చేపను ప్రపంచానికి పరిచయం చేసిన దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు జె.ఎల్.బి.స్మిత్ 1950లో మొజాంబిక్ తీరంలో చేపలను సేకరిస్తుండగా బొటనవేలికి రాతిచేప ముళ్ళు గుచ్చుకున్నాయి. తన అనుభవాన్ని అతడు 1951లో ఒక శాస్త్ర పత్రికలో ప్రచురించాడు. చేపల గురించి క్షుణ్ణంగా తెలిసిన వ్యక్తికే ఈ ప్రమాదం జరిగినదంటే దాని మారువేషం ఎంతటిదో ఊహించవచ్చును. రాతిచేప వలన త్వరితంగా సంభవించిన రెండు మరణాలను అతడే 1957లో వివరించాడు. ఆస్ట్రేలియాలో మాత్రం ఈ చేప వలన మరణాలు మిక్కిలి అరుదు. సకాలంలో చికిత్స అందితే ప్రాణాపాయం అరుదు.

ప్రథమ చికిత్స

- బాధితుని వెంటనే నీటి నుండి ఒడ్డుకు చేర్చాలి. ఒంటరిగా వదలరాదు.
- గాయమైన భాగాన్ని వేడి నీటిలో ఉంచాలి. నీటి వేడి 45 డిగ్రీల సెల్సియస్‌కు మించరాదు. నొప్పి వలన బాధితునికి వేడి తెలియకపోవచ్చు. అందువలన ముందుగా అతని గాయపడని చేతిని లేదా కాలిని ఆ నీటిలో ఉంచి, భరించగలిగిన వేడి అని నిర్ధారించుకోవాలి. ఇలా 30 నుండి 90 నిమిషాలు ఉంచవచ్చును.
- పైకి కనిపిస్తూ సులభంగా ఊడివచ్చే ముల్లును మాత్రమే తీయాలి. లోతుగా దిగినదానిని వైద్యునికి వదలాలి.
- బిగించి కట్టు కట్టరాదు. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం చేయరాదు.
- నొప్పి తగ్గినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ధనుర్వాతానికి టీకా, మిగిలిపోయిన ముల్లు తునకల పరిశీలన అవసరం.

కొన్ని పాముకాట్లకు చెప్పే ఒత్తిడి కట్టు ఇక్కడ పనికిరాదు. ఈ విషం ముఖ్యంగా గాయం చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. కట్టు బిగిస్తే విషం అక్కడే నిలిచి నొప్పి, నష్టం పెరుగుతాయి. వేడి నీరు నొప్పిని తగ్గించడానికి తోడ్పడుతుందే కాని ఆసుపత్రి చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

ప్రతివిషం

రాతిచేప విషానికి విరుగుడును సాల్ వీనర్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు 1959లో మెల్‌బోర్న్‌లోని కామన్‌వెల్త్ సీరం లాబొరేటరీస్‌లో రూపొందించాడు. రెడ్‌బ్యాక్ అనే ఆస్ట్రేలియా సాలెపురుగు విషానికి 1956లో విరుగుడు తయారు చేసినది కూడా ఇతడే. పాముల విషానికి చేసే పద్ధతిలోనే, గుర్రాలకు కొద్దికొద్దిగా రాతిచేప విషాన్ని ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను శుద్ధిచేసి ఈ మందును తయారు చేస్తారు. హారిడా విషంతో తయారైన ఈ మందు వెర్రుకోసా విషానికి కూడా పనిచేస్తుంది. ఎన్ని ముళ్ళు గుచ్చుకున్నాయన్న దానిని బట్టి మోతాదును నిర్ణయిస్తారు. గుర్రపు ప్రోటీన్ల వలన కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగే అవకాశం ఉన్నందున దీనిని ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలోనే ఇవ్వాలి.

జాగ్రత్తలు

టేకు చేపలు ఉండే ఇసుక నేలల్లో పాదాలను ఈడుస్తూ నడవమని పెద్దలు చెబుతారు. అలికిడికి టేకు చేప తప్పుకుంటుంది. రాతిచేప తప్పుకోదు. కనుక దాని విషయంలో ఆ ఒక్క జాగ్రత్తనే నమ్ముకోరాదు. పగడపు దిబ్బలు, రాళ్ళు గల తీరంలో నీటిలో నడిచేటపుడు మందమైన అట్ట గల చెప్పులు లేదా బూట్లు తప్పనిసరిగా ధరించాలి. పలుచని రబ్బరు అట్టను ఈ ముళ్ళు చీల్చుకుపోగలవు. అడుగు వేయబోయే చోటును ముందుగా చూసుకోవాలి. రాళ్ళను చేత్తో ఎత్తరాదు, రాళ్ళ సందులలో చేయి పెట్టరాదు. పోటు తగ్గిన తరువాత నీరు లేని చోట కూడా ఇదే జాగ్రత్త అవసరం. తడిగా ఉంటే ఈ చేప నీటి వెలుపల కూడా చాలా గంటలు బ్రతికి ఉండగలదు.

వలలో రాతిచేప పడితే వట్టి చేతులతో విడదీయరాదు. చచ్చినదని నిర్లక్ష్యం చేయరాదు. ఒడ్డున పారవేసిన చేప ముల్లు కూడా పాదంలో దిగితే విషం ఎక్కుతుంది.

ప్రమాదకరమైనది కదా అని ఈ చేపను కనిపించినచోటల్లా చంపడం అవసరం లేదు. పగడపు దిబ్బలపై చిన్న చేపలను వేటాడే జీవులలో ఇది ఒకటి. దానికి మనుషులతో వైరం లేదు. దాని చోటును గుర్తించి, దానిని తాకకుండా పక్కనుంచి వెళ్ళిపోతే ప్రమాదం ఉండదు.